"డిలీషన్ 13క్యూ"ను "జన్యు లోపం" అనవచ్చా?

సీఎల్‌ఎల్ అనే రక్తకేన్సర్ గురించి రోగులకిచ్చే తెలుగు కరపత్రం ఒకటి సరిచూస్తున్నాను. ఫిష్ పరీక్ష (కణాల్లోని క్రోమోజోముల మీద రంగు చుక్కలు వెలిగించి చూసే పరీక్ష) రిపోర్టులో వచ్చే "డిలీషన్ 13క్యూ"ను అందులో "13వ క్రోమోజోములో జన్యు లోపం" అన్నారు. ఈ మాట తీసేయాలని నా గట్టి అభిప్రాయం. జన్యు లోపం అనగానే పుట్టుకతో వచ్చిందని, పిల్లలకూ వస్తుందని మనవాళ్లు అనుకుంటారు. పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో ఇక నిద్ర ఉండదు. నిజానికి ఆ ముక్క పోయింది జబ్బుపడ్డ బి లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాల్లోనే, అదీ చాలామందికి పెద్దవయసులో. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు ఒకరికి మించి వస్తుంది, నిజమే. కానీ రిపోర్టులో కనబడే ఈ డిలీషన్ తల్లిదండ్రులిచ్చింది కాదు, పిల్లలకు పోయేదీ కాదు. "13వ క్రోమోజోము పొడవు భుజంలో ఒక ముక్క ఊడిపోయింది" అంటే సరిపోదా?

జవాబు: లోపం మంచి మాటేనండి. "అదర్శనం లోపః", అంటే కనబడకపోవడమే లోపం అన్నాడు పాణిని. రాముడు + అతడు = రాముడతడు అన్నప్పుడు ఉకారానికి జరిగేది అదే కదా. "ఖండలోపం" అందామా?

జవాబు: మాస్టారూ, ఆ సూత్రం ఈ పరీక్షకు ఎంత చక్కగా అతికిందో! మామూలు కణంలో ఆ చోటికి రెండు రంగు చుక్కలు వెలగాలి. ముక్క పోతే ఒక చుక్క కనబడదు. అచ్చంగా అదర్శనమే. వైద్యవిద్యార్థుల పుస్తకానికైతే ఖండలోపం నాకు సమ్మతమే. ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నవారికి మాత్రం లోపమంటే తప్పు, కొరత.

జవాబు: మా నాన్నగారికి 17పి డిలీషన్ అన్నారండి. దాన్నీ "ఊడిపోయింది" అంటే రెండూ ఒకటే అనుకోరా?

జవాబు: అందుకే అంకె (ఎన్నో క్రోమోజోమో), అక్షరం (క్యూ అంటే పొడవు భుజం, పి అంటే పొట్టి భుజం) రెండూ ఉండి తీరాలండి. 2000లో డోనర్ అనే జర్మన్ వైద్యుడి బృందం 325 మంది రోగులను పరిశీలించి అచ్చువేసిన వ్యాసంలో, 13క్యూ ఒక్కటే పోయినవారి మధ్యస్థ ఆయుష్షు (జబ్బు తేలాక సగంమంది అంతకు మించి బతికిన కాలం) 133 నెలలు, 17పి పోయినవారిది 32. అవి పాత కీమో రోజుల లెక్కలు, వాటిని చూసి దిగులుపడకండి. 17పితో పాటు పోయేది టీపీ53 జన్యువు. దెబ్బతిన్న కణాన్ని చంపేది అదే కాబట్టి, అది లేనిచోట కీమో సరిగా పనిచేయదు. ఇబ్రుటినిబ్, వెనెటోక్లాక్స్ అనే మందులు ఆ జన్యువు మీద అంతగా ఆధారపడవు. 2016లో అమెరికాలో వెనెటోక్లాక్స్‌కు మొదటి అనుమతి వచ్చిందే, అంతకుముందు మరో చికిత్స తీసుకున్న 17పి రోగుల కోసం.

జవాబు: మరి ట్రైసోమీ 12?

జవాబు: దానికీ కరపత్రంలో "లోపం" అనే ఉంది! అక్కడ పోయిందేమీ లేదు, ఒకటి ఎక్కువైంది. "12వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉన్నాయి" అని మార్చి పంపుతున్నాను.