పికప్ ట్రక్కుకి స్పోర్ట్స్ కారు బ్రేకులు వేయడం తెలివైన పనేనా?

పాతబండి:
నాది షెవర్లే ఎస్-10 పికప్, టూ వీల్ డ్రైవ్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఖాళీగా తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. సామాను వేసుకుని పొడవాటి కొండ దిగితే మాత్రం, సగం దిగేసరికి ఎంత తొక్కినా బండి ఆగీ ఆగనట్టు ఉంటుంది. ముందు చక్రాలకి షెవర్లేదే స్పోర్ట్స్ కారు కార్వెట్ సి5 డిస్కులు, వాటి మీదికి ప్యాడ్లని నొక్కే క్యాలిపర్లు వేద్దామనుకుంటున్నా. రెండు బండ్లకీ చక్రానికి ఐదు బోల్టులే, అవి ఉండే వలయం కూడా అదే 120.65 మి.మీ. వద్దనేవాళ్లు కారణం చెప్పండి. "కంపెనీ ఇచ్చిందే మంచిది" అంటే ఒప్పుకోను.

లోడులెక్క:
కారణమే చెబుతా. మీ బండి ఖాళీగా ఉంటే బరువు సి5కి దగ్గరగానే ఉంటుంది, ఇంచుమించు 1,400 కిలోలు. ఈ మార్పుని మెచ్చుకునేవాళ్లలో చాలామంది ఖాళీ బండి నడిపేవాళ్లే. లోడుతో 2,000 కిలోలు అయిందనుకోండి. గంటకి 100 కి.మీ. వేగం నుంచి ఒక్కసారి ఆపడానికి బ్రేకులు దాదాపు 770 కిలోజౌళ్లు వేడిగా మార్చాలి. 1,450 కిలోల కారుకైతే 560 చాలు. కారు కోసం చేసిన భాగం మీద మూడో వంతుకి పైగా అదనపు పని పెడుతున్నారు.

డిస్క్‌పిచ్చి:
అన్నా, లెక్క కరెక్టే, పోలికే తప్పు. కార్వెట్‌తో ఎందుకు పోల్చడం? ఇప్పుడు బండికి ఉన్నవాటితో పోల్చాలి. సి5 ముందు డిస్కు 325 మి.మీ., ఎస్-10 డిస్కు అంతకంటే బాగా చిన్నది. పెద్ద డిస్కులో ఇనుము ఎక్కువ కాబట్టి అదే శక్తికి తక్కువ వేడెక్కుతుంది. ప్యాడ్ పట్టే చోటు మధ్య నుంచి దూరం జరుగుతుంది కాబట్టి అంతే నొక్కుడుకి పట్టు పెరుగుతుంది. పైగా ఒక్క పిస్టన్ పోయి రెండు పిస్టన్ల అల్యూమినియం క్యాలిపర్ వస్తుంది. లోడు బండికే ఇది ఎక్కువ పనికొస్తుంది కదా!

లోడులెక్క:
వేడి విషయంలో నీ మాట ఒప్పుకుంటా తమ్ముడూ. ఆగే దూరం తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టకు. చల్లగా ఉన్నప్పుడు పాత బ్రేకులే చక్రాన్ని లాక్ చేయగలిగితే, ఇక దూరం టైరు చేతిలో ఉంటుంది. ముందు ఒక్కటే బలపడితే ఇంకో చిక్కు. లోడు ఉన్నప్పుడు వెనక టైర్లకి గ్రిప్ బాగా ఉంటుంది, దాన్ని వాడుకోకముందే ముందు చక్రాలు లాక్ అవుతాయి.

కొత్తగా:
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. అయితే వెనక కూడా సి5 డిస్కులు వేసేస్తే సరిపోదా?

గ్యారేజీ మనిషి:
అదే అసలు ప్రమాదం బాబూ. వెనకకి వెళ్లే ప్రెషర్‌ని తగ్గించే వాల్వ్ ఆ డ్రమ్ముల కోసం అమర్చింది. డిస్కులు వేసి దాన్ని అలాగే వదిలేస్తే బ్యాలెన్స్ ఎటు పోతుందో చెప్పలేం. ఖాళీ పికప్‌కి వెనక బరువే తక్కువ, బ్రేకు తొక్కితే ఆ ఉన్నదీ ముందుకు వాలుతుంది. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి అడ్డం తిరుగుతుంది. ముందువి లాక్ అయితే స్టీరింగ్ పనిచేయదు, కానీ బండి నేరుగా పోతుంది. రెండూ చెడ్డవే, మొదటిది మరీ చెడ్డది. హ్యాండ్ బ్రేకు పని వేరే ఉంది. సి5లో అది వెనక డిస్కు లోపల చిన్న డ్రమ్ములా ఉంటుంది.

ముందు వైపు కూడా బోల్టులు కలిశాయని పని అయిపోయినట్టు కాదు. ఎస్-10లో డిస్కూ, చక్రం బిగించే హబ్బూ ఒకటే ముక్క, కాబట్టి హబ్ విడిగా కావాలి. క్యాలిపర్ పట్టుకునే బ్రాకెట్ మీద మొత్తం బ్రేకు బలం పడుతుంది, దాన్ని రేకు ముక్కతో చేయించుకోవద్దు. పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగితే, పెడల్ తొక్కినప్పుడు బ్రేకు ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ ఎక్కువ ఆయిల్ నెట్టాలి, పెడల్ ఇంకా కిందికి దిగుతుంది. అది చూసి పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే కాలితో ఇంకా గట్టిగా తొక్కాలి.

పాతబండిగారూ, ఒకటి చెప్పండి. కొండ దిగేటప్పుడు పెడల్ గట్టిగా ఉండి బండి ఆగడం లేదా, లేక పెడలే మెత్తబడి లోపలికి పోతోందా?

పాతబండి:
గట్టిగానే ఉంటుందండీ. ఆగదంతే.

గ్యారేజీ మనిషి:
అయితే ఆయిల్ మరగడం లేదు, ప్యాడ్లే వేడికి పట్టు వదిలేస్తున్నాయి. ఇంకా ఎక్కువ వేడి తట్టే ప్యాడ్లు వేయండి, రేసు ప్యాడ్లు మాత్రం వద్దు, అవి చల్లగా ఉంటే సరిగ్గా పట్టవు. ఆయిల్ కూడా మార్చేయండి. తేమ పీల్చిన డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ మరగకుండా నిలవాల్సిన కనీస హద్దు 140 డిగ్రీలే, డాట్ 4కి 155. దిగేటప్పుడు గేరు తగ్గించండి.

డిస్క్‌పిచ్చి:
ప్యాడ్ ఎంత మంచిదైనా ఆ వేడి వెళ్లేది చిన్న డిస్కులోకే కదా సార్. రోగం అక్కడే ఉంది.

లోడులెక్క:
అసలు వీల్ సైజు ఎంత?

పాతబండి:
15 అంగుళాలు.

లోడులెక్క:
అందులో 325 మి.మీ. డిస్కూ, దాని మీద క్యాలిపరూ పట్టవు. సి5కే ముందు 17 అంగుళాల వీల్స్. అవి కొంటే టైర్లూ కొనాలి, కారు టైర్లు తెచ్చి లోడు బండికి వేయకండి. లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే నంబరు, ఇప్పుడున్న టైరుకి తగ్గకూడదు.

పాతబండి:
ఈ ఖర్చు నేను అనుకున్నది కాదు. ముందు ప్యాడ్లు, ఆయిల్ మార్చి చూస్తా.

డిస్క్‌పిచ్చి:
చూడండి. అదే కొండ, అదే లోడు వేసుకుని దిగండి. అప్పుడూ పట్టు తప్పితే ఏ 17 అంగుళాల వీల్స్ తీసుకోవాలో నన్నడగండి.