సిరిమానోత్సవంలో వైద్య గంజాయి స్టాల్: ఏం జాగ్రత్తలు?

విజినగరం కుర్రోడు: పైడితల్లమ్మ జాతరలో, వైద్యానికి గంజాయి అనుమతించాలని సంతకాల స్టాల్ పెడదామనుకుంటున్నాం. పోలీసులతో తంటా రాకుండా ఏం చూసుకోవాలి?

గంటస్తంభం: చట్టం మార్చమని అడగడం నేరం కాదు బాబూ, సరుకు దగ్గరుంటేనే నేరం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) పూత, కాయ కొసల్నే గంజాయి అంటుంది. విడి ఆకు, గింజ అందులోకి రావు. అలాగని నమూనాకి ఆకు తేవద్దు. ఒక్క పూమొగ్గ కలిసిందా, కిలో లోపైనా ఏడాది దాకా జైలు.

కోటగుమ్మం: అసలు చిక్కు బ్యానర్‌తోనే. "మూర్ఛ, క్యాన్సర్ నయం" అని రాస్తే ఇలాంటి జబ్బులకు మందుల ప్రకటనలు వద్దనే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం మెడకు చుట్టుకుంటుంది. బ్యానర్ మీద డిమాండ్ ఒక్కటే రాయండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అరుదైన మూర్ఛలకు గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ మందు ఆమోదించిన సంగతి ప్రభుత్వానికిచ్చే అర్జీలో పెట్టండి. మోతాదు ఎవరడిగినా చెప్పొద్దు, డాక్టర్ దగ్గరకి పంపండి.

గంటస్తంభం: ఇంకోటి. సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, ఆ దారిలో బల్ల వేస్తే లేపేస్తారు. పక్క సందు చూసుకోండి. అనుమతి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్లకే అంటించండి. సంతకాల పేజీలో జబ్బు పేరుకి గడి వద్దు, వెనకోడు చదివేస్తాడు. పెన్నుకి దారం కట్టండి, లేదంటే గంటలో మాయం.