“శ్రుతి మించి రాగాన పడింది” – ఇందులో రాగం ఏ రాగం?

నాలుగు గిటార్లకు ఒక రచన కడుతున్నాను. మూలం స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ నవల ‘డాన్ క్విక్సోట్’, 1615లో వచ్చిన రెండో భాగంలోని 46వ అధ్యాయం. దానికి తెలుగు పేరు వెతుకుతూ ఈ జాతీయం దగ్గర ఆగిపోయాను.

ముందు సన్నివేశం చెబుతాను. డ్యూకు దంపతుల ఇంట్లో అతిథిగా ఉన్నాడు, తానో వీరయోధుణ్నని భ్రమపడే క్విక్సోట్. ఆ ఇంటి పరిచారిక అల్టిసిడోరా అతన్ని వలచినట్టు నటిస్తుంది. ఆమెకు మర్యాదగా జవాబు చెప్పాలని పగలంతా పాట కట్టుకుంటాడు. రాత్రి పదకొండింటికి గదిలో ఒక విహ్వేలా కనిపిస్తుంది. అది గిటారుకు దగ్గరి చుట్టం, ఆరు జతల తీగల వాద్యం. తీగలు శ్రుతి చేసుకుంటాడు, కిటికీ తెరుస్తాడు, వాద్యం మెట్ల మీద వేళ్లు నడిపి మళ్లీ సరిచూస్తాడు, గొంతు సవరించుకుని పాడతాడు. పాట ముగుస్తుండగా పై వసారా నుంచి వందకు పైగా గంటలు కట్టిన తాడు, దాని వెనకే తోకలకు చిరుగంటలు కట్టిన పిల్లుల గోతం! వాటిలో ఒకటి అతని ముక్కు పట్టుకుని వదలదు. ఆ దంపతులు సరదాకు చేయించిన పని అతన్ని ఐదు రోజులు మంచాన పడేసింది. చివరికి వాళ్లే నొచ్చుకున్నారు.

ఇంతకంటే ఈ జాతీయానికి సరిపోయే కథ నాకు తెలియదు. కానీ శ్రుతి చూసుకుని రాగం అందుకోవడమే కదా గాయకుడి పని? మరి రాగాన పడటం చెడు ఎందుకయింది?

మొదటి జవాబు: నాకు తోచేది పాటలో రాగం కాదు, ఏడుపులో రాగం. పసిపిల్ల ముక్కు ఎగబీలుస్తుంటే మా అమ్మమ్మ “అప్పుడే రాగం అందుకున్నావా” అనేది. “రాగాలు తీయకు” అని ఇప్పటికీ అంటాం. ఆటలు, వేళాకోళాలు హద్దు దాటితే చివరికి ఒకరు ఏడవాల్సిందే.

రెండో జవాబు: ‘రాగాన’లోని ‘న’ గమనించండి. వీధిన పడ్డారు, దారిన పడ్డాడు, మంచాన పడింది – అదే విభక్తి. ఒక చోట ఉండాల్సింది మరో చోటికి చేరిందని చెప్పే తీరు. కూనిరాగంతో ఆగాల్సింది పూర్తి ఆలాపన దాకా వెళ్లిందన్న అర్థమూ పొసగుతుంది. ఏది ముందో తేల్చలేను కానీ, రెండు అర్థాలూ వాడుకలో కలిసే నడుస్తున్నాయి.

మళ్లీ నేను: ఏడుపు రాగం మాట చదివాక నా రచనే మారిపోయింది. ఇన్నాళ్లూ క్విక్సోట్ పాత్ర వాయించే మొదటి గిటారునే కాస్త అపశ్రుతిలో పెట్టాలనుకున్నాను. పిచ్చివాడు కదా అని. మళ్లీ నవల తీసి చూశాను. అతని గొంతు కాస్త బొంగురే, కానీ శ్రుతిలోనే ఉందని సెర్వాంటెస్ స్పష్టంగా రాశాడు. శ్రుతి మించింది అతనిది కాదు, అతన్ని ఆట పట్టించినవాళ్లది. ఆ ఒక్క మాటను ఇన్నిసార్లు చదివి ఎలా దాటిపోయానో అని బాధ కలిగింది.

కాబట్టి మొదటి గిటారు చివరిదాకా చక్కటి శ్రుతిలో ఉంటుంది. దాని మూడో తీగను అర స్వరం దించితే విహ్వేలా అమరిక వస్తుంది. మొదట్లో శ్రుతి చేసుకోవడమే సంగీతం: ఒక్కో తీగ మీటడం, బిరడా తిప్పడం, ఆగి వినడం. పాటకు మన వకుళాభరణ రాగం స్వరాలు తీసుకున్నాను, స్పెయిన్ గిటారులో తరచూ వినిపించే స్వరవరుస అదే. మిగతా మూడు గిటార్లు మొదట బుద్ధిగా వంత పాడి, క్రమంగా తీగను పక్కకు లాగుతూ అదే స్వరాన్ని వెంట్రుకవాసి పైకి పలికిస్తాయి. గంటలకు, బిరడాల పక్కనున్న తీగల కొసలను మీటడం. పిల్లులకు, లోహం చుట్టిన మంద్ర తీగల మీద గోటితో గీయడం.

మొదటి భాగానికి ‘శ్రుతి మించి’, రెండో దానికి ‘రాగాన’ అని పేర్లు పెట్టాను. రెండోది మొదటి గిటారు ఒక్కటే వాయిస్తుంది, పడుకున్న మనిషి లోలోపల పాడుకున్నట్టు.