డేట్లు 34, 47, 29, 58 రోజులకి: ఏ పరీక్ష, ఏ రోజు?

నెలవంక:
వయసు 24, పెళ్లి కాలేదు. డేట్ల (నెలసరి) మధ్య గడువులు వరసగా 34, 47, 29, 58 రోజులు. స్కాన్‌లో రెండు వైపులా నీటి బుడగలు అని రాశారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 2.1, ప్రొలాక్టిన్ (పాలు తయారుచేయించే హార్మోన్) 38. హార్మోన్ పరీక్షలు ఏ రోజున చేయించాలి? డేట్ తెప్పించే మాత్ర వేసుకోవచ్చా? రాత్రి షిఫ్టుల వల్ల కూడా ఇలా అవుతుందా? బొప్పాయి, నువ్వులు, బెల్లం చిట్కాలు మాత్రం వద్దు.

గోదారి_పిల్ల:
ముందు లెక్క సరిచూసుకో అమ్మా. ప్యాడ్ పెట్టుకోవాల్సి వచ్చిన మొదటి రోజు ఒకటి. అక్కణ్నుంచి మళ్లీ వచ్చే ముందు రోజు దాకా ఒక గడువు. చాలామంది స్నానం చేసిన రోజు నుంచి లెక్కేసి, నాకు 23కే వచ్చేస్తోందని కంగారు పడతారు. మరక పడి ఆగిపోతే అది లెక్కలోకి రాదు, పక్కన చుక్క పెట్టి ఉంచుకో. 24 నుంచి 38 వరకూ ఎప్పుడొచ్చినా మామూలే. అన్నిటికంటే చిన్న గడువుకీ పెద్ద గడువుకీ మధ్య తేడా నీ వయసులో 9 రోజులు దాటకూడదు. నీకు ఆ తేడా 29 (58లో 29 తీసేస్తే) ఉంది కాబట్టి చూపించుకోవాల్సిందే.

డల్లాస్_కోడలు:
ప్రొలాక్టిన్ 38 అంటే మెదడులో గడ్డ ఉండొచ్చు. వెంటనే ఎంఆర్ఐ తీయించండి. మిగతావన్నీ తర్వాత.

ఫార్మసీ_కౌంటర్:
ఆ పిల్లని భయపెట్టకండి మేడమ్. నెలవంక గారూ, గ్యాస్ మాత్ర ఏమైనా వేసుకుంటున్నారా? పాంటోప్రజోల్, రాబిప్రజోల్ ఒక్కటే ఉంటే పర్లేదు. పేరు చివర డి, డిఎస్ఆర్ అని ఉంటే అందులో డోంపెరిడోన్ ఉంటుంది, ఎల్ అని ఉంటే చాలావరకు లెవోసల్పిరైడ్. రెండూ ప్రొలాక్టిన్ పెంచి డేట్ ఆపేస్తాయి. లెవోసల్పిరైడ్ ఒక్కటే 100 దాటించగలదు. మన దగ్గర పరగడుపున ఒకటి వేసుకోవడం టీ తాగినంత అలవాటు కాబట్టి డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగితే ఎవరూ దీని పేరు చెప్పరు.

డల్లాస్_కోడలు:
గ్యాస్ మాత్రకి పీరియడ్స్ ఆగిపోతాయా! మరి ఊరంతా ఆగిపోవాలి కదా.

ఫార్మసీ_కౌంటర్:
అందరికీ ఆగవు. కొందరికి ఆగుతాయి, కొందరికి ఛాతీలో పాలు కూడా వస్తాయి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి, తర్వాత వాదిద్దాం.

ల్యాబ్‌కోట్:
ఇద్దరూ కాస్త ఆగండి. నమూనాలు తీయడంలోనే తల పండింది, ఈ ప్రొలాక్టిన్ గొడవ నాకు కొత్త కాదు. అంకె 25 దాటితే చాలు, పేషెంటుకి నిద్ర పట్టదు. పొద్దున్నే బస్సు వెనక పరుగెత్తి, మెట్లెక్కి, సూది చూసి భయపడినా 38 రావడం చాలా మామూలు. లేచిన వెంటనే ఇవ్వకూడదు, నిద్రలో అది పెరిగి ఉంటుంది. లేచిన రెండు మూడు గంటలకి, టిఫిన్ చేయకుండా, ఇరవై నిమిషాలు కుదురుగా కూర్చుని ఇవ్వండి. డోంపెరిడోన్ రకం ఏదైనా వాడుతుంటే డాక్టరుకి చెప్పి 3 రోజులు ఆపి ఇవ్వాలి. మానసిక సమస్యలకి రిస్పెరిడోన్ లాంటివి వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఇంకోటి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మింగుతున్నారా? 5, 10 మిల్లీగ్రాముల మాత్రలైతే కొన్ని మిషన్లలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా చూపిస్తాయి. ప్రొలాక్టిన్ కూడా తగ్గి కనిపిస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపాలి.

వరంగల్_స్వప్న:
గడ్డ గడ్డ అని గా పిల్లను ఎందుకు బెదిరిస్తున్రు? ప్రొలాక్టిన్ 200 దాటితే పెద్ద గడ్డ ఉందేమో అని అనుమానించాలె, 38 ఒక్కదానికే కాదు. గిట్లనే ఎంఆర్ఐకి వేలకు వేలు పోస్తున్రు జనాలు.

డల్లాస్_కోడలు:
జాగ్రత్త చెప్తే బెదిరించడమా? కళ్లు పక్కలకి కనపడకపోయినా, తలనొప్పి తగ్గకపోయినా కూడా కూర్చోమంటారా?

వరంగల్_స్వప్న:
అవి ఉంటే తియ్యాలె. ఉన్నయని ఆమె ఎక్కడ చెప్పింది?

అనంత_లత:
ఆ బుడగల గురించి ఒక మాట. అవి గడ్డలు కావు, పూర్తిగా ఎదగకుండా నిలిచిపోయిన అండాల సంచులు. ఆపరేషన్ చేసి తీసేవి కావు. స్కాన్ ఒక్కదానితో పీసీఓఎస్ (అండం సరిగ్గా విడుదల కాక, మగ హార్మోన్ పెరిగే సమస్య) అనేయకూడదు. డేట్లు తప్పడం, మగ హార్మోన్ ఎక్కువ ఉండటం (గడ్డం కింద వెంట్రుకలు గానీ, రక్తంలో టెస్టోస్టెరాన్ గానీ), స్కాన్: ఈ మూడిట్లో రెండుండాలి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ కారణం కాదని తేలాలి. పెద్దమనిషైన 8 ఏళ్ల లోపు పిల్లలకైతే స్కాన్‌ని లెక్కలోకే తీసుకోవద్దని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పినాయి. మన ఊళ్లలో పదిహేనేళ్ల పిల్లకి స్కాన్ తీసి, ఆ కాగితం పట్టుకుని పెళ్లి సంబంధాల దాకా భయపెడతారు.

ల్యాబ్‌కోట్:
రోజుల సంగతి: ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (అండాశయాల్ని నడిపే హార్మోన్లు) డేట్ వచ్చిన 2 నుంచి 5వ రోజు లోపు. టీఎస్‌హెచ్ ఎప్పుడైనా సరే. ప్రొజెస్టెరోన్ (అండం విడుదలైందో లేదో చెప్పే పరీక్ష) "21వ రోజు" అని చీటీ రాస్తారు, అది 28 రోజుల వాళ్లకే. వచ్చే డేట్‌కి 7 రోజుల ముందు చేయాలి, అంటే 35 రోజుల వాళ్లకి 28వ రోజు. 58 వచ్చేవాళ్లకి 21న తీస్తే తక్కువే వస్తుంది, అండం రాలేదని ఊరికే రాసేస్తారు.

గోదారి_పిల్ల:
డేట్ తెప్పించే మాత్ర వేసే ముందు గర్భం ఉందేమో చూసే మూత్ర పరీక్ష స్ట్రిప్ తప్పనిసరి.

అనంత_లత:
పెళ్లి కాలేదని పైన రాసింది కదక్కా.

గోదారి_పిల్ల:
రాసింది, చదివాను. అడిగితే పరువు పోతుందనుకునే ఇళ్లలోనే నాలుగో నెలలో బయటపడుతుంది. స్ట్రిప్‌కి పెళ్లితో పని లేదు, అందరికీ ఒకటే రూలు. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్నాక డేట్ వారం దాటినా అంతే.

ఫార్మసీ_కౌంటర్:
సాధారణంగా మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ 10 మిల్లీగ్రాములు, రోజుకొకటి, 5 నుంచి 10 రోజులు, చీటీ మీదే. ఆపాక వారంలో వస్తుంది, రెండు వారాలు చూడొచ్చు. అప్పటికీ రాకపోతే మళ్లీ ఇంకో కోర్సు కొనుక్కోవద్దు, డాక్టరు దగ్గరికెళ్లాలి. ఇది గర్భసంచి లోపలి పొరను రాల్చేస్తుందంతే, కారణాన్ని బాగుచేయదు. 90 రోజులు దాటినా రాకపోతే మాత్రం ఊరుకోకూడదు, ఆ పొర మందమైపోతూ ఉంటుంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఛాయ మాత్ర, అంతర ఇంజెక్షన్ (రెండూ గర్భం రాకుండా వాడేవి) వాడేవాళ్లు కూడా ఇక్కడ చదువుతుంటారు. వాటితో డేట్ వెనక్కి పోవడం, ఇంజెక్షన్‌తో అసలు రాకపోవడం మామూలే. ఛాయ మీద డేట్ 15 రోజులు దాటితే గర్భ పరీక్ష స్ట్రిప్ చూసుకోండి.

కర్నూలు_పెద్దమ్మ:
ఇన్ని తిప్పలెందుకు? పిల్లలు పుట్టినాక గర్భసంచి తీయించుకుంటే పీడ వదులుతుంది.

వరంగల్_స్వప్న:
పెద్దమ్మా, గీ మాట వల్లనే దేశంల గర్భసంచులు తీసేయించుకున్న ఆడోళ్లు మన రెండు రాష్ట్రాల్లనే ఎక్కువున్నరు, సర్వేలల్ల ఆంధ్ర ముందు, ఎనక తెలంగాణ. ముప్పైఐదుకే తీసేసి, అండాశయాలు గూడ తీసేస్తే ఎముకలు గుల్లబారతయి. రక్తం ఎక్కువ పోతుంటే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఉంది, గర్భసంచిల పెట్టే హార్మోన్ లూప్ ఉంది, అవన్నీ అయినంక ఆపరేషన్.

కర్నూలు_పెద్దమ్మ:
నడుము నొప్పితో పొలానికి పోయేవాళ్లకి చెప్పు ఈ లూపులు, మాత్రలు.

గోదారి_పిల్ల:
పొలానికి వెళ్లేవాళ్లకే ముందు హిమోగ్లోబిన్ చూడాలి పెద్దమ్మా. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, పది రూపాయల బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడినా ఆసుపత్రికే. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకోవాలి.

శ్రావణి_వ్రతం:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. వరలక్ష్మీ వ్రతానికి వాయిదా మాత్ర ఎప్పుడు మొదలెట్టాలి?

ఫార్మసీ_కౌంటర్:
నోరెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు రోజుకి మూడు సార్లు, డేట్‌కి 3 రోజుల ముందు నుంచి. ఆపిన రెండు మూడు రోజులకి వస్తుంది. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వస్తున్నా వద్దు. పక్కింటామె చీటీ చూపించి తీసుకెళ్లకండి. గడువు నిలకడగా లేనివాళ్లకి "3 రోజుల ముందు" అన్నదే తెలియదు కాబట్టి ఈ లెక్క పనిచేయదు.

డల్లాస్_కోడలు:
వ్రతం బానే ఉంది. 38 సంగతి తేలనే లేదు, రెండోసారీ ఎక్కువే వస్తే?

ల్యాబ్‌కోట్:
వస్తే మాక్రోప్రొలాక్టిన్ చూడమని చీటీలో రాయించుకోండి. అది పెద్ద అణువు, అంకె పెంచుతుంది గానీ ఒంట్లో పెద్దగా పని చేయదు. చిన్న ల్యాబుల్లో ఉండదు, నమూనా బయటికి పంపుతారు, నాలుగైదు రోజులు పడుతుంది. ఎంఆర్ఐ దాని తర్వాతి మాట.