జపనీస్ ఎన్‌4 పాసయ్యాను, బరంపురంలో ఉంటూ దీంతో ఏం చేయాలి?

బరంపురం_బీకాం:
అందరికీ నమస్తే. మాది బరంపురం, ఇంట్లో తెలుగు, బయటికెళ్తే ఒడియా. గోపాలపూర్ వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో జపాన్‌కి వెళ్లే సరుకు ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూస్తాను, అంటే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఇలాంటివి. లాక్‌డౌన్‌లో తోచక జపనీస్ మొదలుపెట్టి, కోల్‌కతా వెళ్లి జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్ష రాసి ఎన్‌4 దాకా వచ్చాను (ఎన్‌5 అన్నిటికంటే తేలిక, ఎన్‌1 అన్నిటికంటే కష్టం). నిజానికి మనకది అంత కష్టం కాదు, "నిహోన్ ని ఇకిమాస్" అంటే "జపాన్‌కి వెళ్తాను", మన వరసే, క్రియ చివర్లోనే వస్తుంది. మా మేనేజర్ గారికి చెప్తే "మెయిల్స్ అన్నీ ఇంగ్లీషులోనే వస్తున్నాయి కదా, నీ జపనీస్ ఎవరితో మాట్లాడతావు, రొయ్యలతోనా?" అని అందరి ముందూ నవ్వారు. నాన్నగారేమో ఎంబీఏలో చేరమంటున్నారు. ఎన్‌2 దాకా చదవనా, మానేయనా? టెన్షన్‌గా ఉంది, ఉన్నదున్నట్టు చెప్పండి.

పర్లాకిమిడి_అక్క:
తమ్ముడూ, నేను చెన్నై దగ్గర ఒక జపాన్ ఆటో పార్ట్స్ కంపెనీ పర్చేజ్‌లో తొమ్మిదేళ్లు చేశాను. మీ మేనేజర్ గారు అన్నది సగం నిజం, మెయిల్ ఇంగ్లీషులోనే వస్తుంది, కానీ ఆలోచన జపనీస్‌లోనే ఉంటుంది. మా సేల్స్ అబ్బాయి ఒకడికి అవతలివాళ్లు మీటింగ్‌లో "ముజుకషీ" అన్నారు, మాటకి అర్థం "కష్టం" అనే, వీడు రేటు తగ్గిస్తే కుదురుతుందేమో అనుకుని వారం రోజులు తగ్గించుకుంటూ పోయాడు. వాళ్లు మొదటిరోజే వద్దన్నారు, అంతే, మర్యాదగా అన్నారు. "పరిశీలిస్తాం" అన్నా చాలాసార్లు అదే కథ. "హై హై" (అవును, అవును) అని తలూపితే ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నామని.

ఇంకోటి, ఈ పరీక్షలో మాట్లాడే భాగమే లేదు, అన్నీ ఆప్షన్లు టిక్ పెట్టేవే. ఎన్‌2కి 180కి 90 వస్తే పాస్, కాకపోతే మూడు భాగాల్లో ఏ ఒక్కదాంట్లో 60కి 19 కంటే తగ్గినా ఫెయిలే, మొత్తం ఎంతొచ్చినా సరే. ఎన్‌2 సర్టిఫికెట్ పట్టుకొచ్చి ఫోన్ ఎత్తడానికి భయపడేవాళ్లని నేనే ఇంటర్వ్యూ చేశాను. అంచేత చదువుతోపాటు వారానికి రెండుసార్లైనా ఎవరితోనైనా మాట్లాడు.

రాయగడ_కొట్టు:
అక్క చెప్పింది బాగానే ఉంది గానీ నా సంగతీ వినండి. హైదరాబాద్‌లో జర్మన్ బి1 దాకా, అంటే మధ్యస్థాయి దాకా చదివాను, డబ్బు బాగానే పోసాం, వాడకం లేక నాలుగేళ్లలో మొత్తం మరిచిపోయాను, ఇప్పుడు నాన్న కొట్టులోనే కూర్చుంటున్నా. ఆయనకి కువి, అంటే ఇక్కడి కొండవాళ్ల భాష, వచ్చు. సంతలో కొండమీద నుంచి చింతపండు, పసుపు తెచ్చేవాళ్లు పక్క షావుకారిని దాటుకుని ఈయన దగ్గరికే వస్తారు. నా జర్మన్ కంటే ఆయన కువి ఎక్కువ సంపాదించింది బాబూ! అవతలి మనిషి ఎదురుగా ఉంటేనే భాష నిలుస్తుంది, నీకు రోజూ జపాన్ సరుకు చేతిలో ఉంది కదా, నాకది లేదు. ఎంబీఏ సంగతి నాకు తెలీదు.

బరంపురం_బీకాం:
అన్నా, మీరు సరుకు అన్నాక ఒకటి గుర్తొచ్చింది. పోయిన నెల కార్టన్ మీద అంటించే జపనీస్ లేబుల్ ప్రింటర్ దగ్గర నుంచి వచ్చింది. "ఎబి" అంటే రొయ్య, ఆ "బి" అక్షరం పక్కన రెండు చిన్న గీతలు ఉండాలి, అవి పడలేదు. గీతలు లేకపోతే అది "ఎహి" అవుతుంది, అర్థమే లేదు. లోడింగ్‌కి ముందు నేనే చూసి ఆపాను, కొత్త లేబుళ్లు వేయించాం. అది నా పని కాదనుకుని ఎవరికీ చెప్పలేదు.

పర్లాకిమిడి_అక్క:
చెప్పలేదా!! అయ్యో పిచ్చివాడా. రెండు లేబుళ్లూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, ఎన్ని కార్టన్లో రాసి, మేనేజర్ గారికి మెయిల్ పెట్టు, నవ్వినందుకు దెప్పకుండా. ఇకమీదట జపాన్ లేబుళ్లు ప్రింట్‌కి వెళ్లేముందు నేను చూస్తానని అడుగు. "రేయితో" అంటే ఫ్రోజెన్, "షోమి కిగెన్" అంటే బెస్ట్ బిఫోర్, ముందు ఇలాంటి సరుకు మాటలు పట్టు, ఎన్‌3 పుస్తకం తర్వాత. ఎంబీఏ గురించి నాన్నగారితో ఒక ఏడాది గడువు అడుగు.

బరంపురం_బీకాం:
పాత లేబుల్ ఒకటి నా డ్రాయర్‌లోనే ఉంది అక్కా. సోమవారం పెడతాను మెయిల్.