ముందు ముక్కాలి పీఠం, వెనక గుంటపడ్డ ఎద్దు: ఈ గ్రీకు వెండి నాణెం నకిలీయా?

ప్రశ్న:
నమస్కారమండీ. లండన్‌లో ఒక దుకాణంలో పాత గ్రీకు నాణెం చూశాను. తూకం 7.8 గ్రాములు. బొమ్మ వైపు ముక్కాలి పీఠం ఉబ్బెత్తుగా ఉంది. బొరుసు వైపు వెనక్కి తిరిగి చూస్తున్న ఎద్దు కజ్జికాయల అచ్చులా లోపలికి దిగిపోయి ఉంది. ఎవరో రెండు నాణేలు కలిపేశారా? కొనొచ్చా?

జవాబు:
గుంటను చూసి కంగారుపడకండి. క్రీ.పూ. 6వ శతాబ్దిలో దక్షిణ ఇటలీలోని గ్రీకు ఊళ్ళు నాణేలు అలాగే కొట్టేవి. మామూలుగా రెండు వైపులా ఒకటే బొమ్మ ఉంటుంది, ముందు ఉబ్బుగా, వెనక గుంటగా. మీరు చూసినదాంట్లో రెండు బొమ్మలున్నాయి. అదే విశేషం. ముక్కాలి పీఠం క్రోటన్ ఊరి గుర్తు, ఎద్దు సిబారిస్ ఊరి గుర్తు.

భోగాలకు పేరుమోసిన ఊరు సిబారిస్. క్రీ.పూ. 510లో క్రోటన్ దాన్ని నేలమట్టం చేసింది. క్రాతిస్ నదిని మళ్ళించి ఊరి మీదికి వదిలారని, అంతా 70 రోజుల్లో ముగిసిందని ప్రాచీన గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. మీరు చెప్పిన నాణెం ఆ తర్వాతిదని, సిబారిస్‌లో మిగిలినవాళ్ళు క్రోటన్ చేతి కింద ఉన్నారనడానికి గుర్తని చాలామంది పండితుల మాట. ఎద్దు ఒక్కటే ఉన్న సిబారిస్ నాణేలు వేలంలో తరచూ కనిపిస్తాయి, ఇవి మాత్రం అరుదు.

ప్రశ్నించినవారు:
ఎద్దు దగ్గర వి, ఎం లాంటి రెండక్షరాలున్నాయండీ. ఇంగ్లీషు అక్షరాలేంటని అనుమానం వచ్చింది.

జవాబు:
అవి గ్రీకువే. అక్కడి పాత లిపిలో ఎం లాంటిది 'స', వి లాంటిది 'ఉ'. కుడి నుంచి ఎడమకు చదవండి: 'సు', అంటే సిబారిస్ పేరు మొదలు.

ఇంకో సభ్యుడు:
అక్షరాలు సరిపోయినంత మాత్రాన డబ్బు తీయకండి, నకిలీవాళ్ళకూ అక్షరాలొచ్చు. భూతద్దంతో అంచు చూడండి. చుట్టూ సన్నటి అతుకు గీత గానీ, ఆకురాయితో రుద్దిన గుర్తులు గానీ ఉంటే కొట్టింది కాదు, అచ్చులో పోత పోసిన నకిలీయేమోనని అనుమానించాలి. వెండి మీద సూదిమొన రంధ్రాలున్నా అంతే. ఇటలీ నుంచి ఎప్పుడు, ఎలా బయటికొచ్చిందో కాగితాలు అడగండి. లేవంటే, నేనైతే ఎంత చవకైనా ముట్టుకోను. ఒకవేళ కొంటే చింతపండుతో మాత్రం తోమకండి బాబూ, పాత వెండి మీద పట్టిన నల్లటి పొర పోతే విలువా పోతుంది.

ప్రశ్నించినవారు:
తోమేద్దామనే అనుకున్నానండీ! శనివారం భూతద్దం పట్టుకెళ్ళి అంచు ఫోటోలు పెడతాను.