సమస్య: "పోరు లేక గెల్చెఁ బోరు నతఁడు"

పృచ్ఛకుడు: ఈసారి ఇచ్చింది ఆటవెలది చివరి పాదం. ముందు మూడు పాదాలూ చాటుపద్యం, యతిమైత్రి, గుమాస్తా, గోదారిగట్టు అనే కలంపేర్లతో రాసే మీరంతా పూరించాలి. నియమం ఒక్కటే, గెలుపు వెనక కుమ్మక్కు కనబడాలి. ఈ మాటకు మూలమైన 'కుమక్'కు పారసీ, ఉర్దూల్లో సాయం, అదనపు సైన్యం అని మంచి అర్థాలే. మన దగ్గరికొచ్చి చెడింది పాపం. పొత్తు పెట్టుకున్నామని చెప్పుకుంటారు గానీ కుమ్మక్కయ్యామని ఎవరూ చెప్పుకోరు.

చాటుపద్యం:
ప్లాసి తోట చెంత బంటులూరక నిల్వ
మీరుజాఫరాజ్ఞ మీఱలేక
తెల్లవాఁడు క్లైవు తెరచాటునను గూడి
పోరు లేక గెల్చెఁ బోరు నతఁడు

పృచ్ఛకుడు: ధార బాగుంది. 'మీరుజాఫరాజ్ఞ' వైరిసమాసం (సంస్కృతం కాని మాటను సంస్కృత పదంతో సమసించడం), 'మీరుజాఫరు నుడి మీఱలేక' అంటే గణాలూ కుదురుతాయి.

యతిమైత్రి: చిన్న పేచీ. 1757 జూన్ 23న ప్లాసీలో పోరు బొత్తిగా లేకపోలేదు. సేనాని మీర్ మదన్ ఫిరంగి గుండు తగిలి ప్రాణం విడిచేదాకా బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా పక్షాన నిలిచాడు. అయినా అసలు రసం వర్తకుడు ఉమీచంద్ కథలో ఉంది. నవాబు మీద క్లైవు, మీర్ జాఫర్‌ల కుట్ర బయటపెడతానని వాటా అడిగినవాడికి క్లైవు పక్షం వాళ్లు ఎర్రకాగితం మీద దొంగ ఒప్పందం చూపారు. అసలుది తెల్లకాగితం మీద, అందులో అతని వాటా ఊసే లేదు. ఆ దొంగపత్రం మీద సంతకానికి ఇంగ్లీషు నౌకాదళపు అడ్మిరల్ వాట్సన్ ఒప్పుకోకపోతే ఆయన పేరు వేరొకరు పెట్టారు! కుమ్మక్కులో కుమ్మక్కు. దీన్నెవరైనా పద్యం చేయండి.

గుమాస్తా:
రింగు కట్టిరంట రేటును బెంచంగ
గుత్తదారులెల్ల గుట్టు దాఁచి
అందఱొక్కచోట ననుకొని తొలఁగిరి
పోరు లేక గెల్చెఁ బోరు నతఁడు

పృచ్ఛకుడు: అందరూ తొలగితే గెలిచిందెవరండీ? మూడో పాదం 'ఒకఁడు తప్ప నెల్ల రొప్పుచుఁ దొలఁగిరి' అనండి.

యతిమైత్రి: రింగయినవాళ్లు తొలగడం ఒక్కటే కాదు గుమాస్తా గారూ. ఎక్కువ రేటుకు డమ్మీ టెండర్లు వేసి పోటీ ఉన్నట్టు కూడా చూపిస్తారు. 2002 నాటి పోటీ చట్టం 3వ సెక్షన్ కిందికి ఇలాంటివీ వస్తాయి.

గోదారిగట్టు:
కోడిపందెమందుఁ గుమ్మక్కు జరిగెను
కత్తి వదులు చేసి కట్టినారు
కాకి కూలెనంతఁ గాసులఁ బంచుక
పోరు లేక గెల్చెఁ బోరు నతఁడు

గుమాస్తా: కాకి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

గోదారిగట్టు: పందెంకోళ్లలో నల్లదాన్ని కాకంటారండీ. కత్తి కట్టేవాడు అవతలివాళ్లతో కలిసిపోతే కోడి ఎంత మంచిదైనా లాభం లేదు.

పృచ్ఛకుడు: 'కుమ్మక్కు' మాట పద్యంలోనే పడింది, యతి కూడా 'కో-గు' చక్కగా నిలిచింది. రెండో పాదానికి నా ఓటు. ఉమీచంద్ పద్యం కోసం ఆదివారం దాకా చూస్తాను.